రెండో బ్రేకు

బ్రేకు మాస్టారి కుడికాలు ఊళ్లో చాలా గోడల్ని నిలబెట్టింది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. వాళ్లు కంగారులో దేన్నో తొక్కి దేవుడా అనుకునేలోపు ఆయన తన బ్రేకు తొక్కేస్తాడు. ఆ కాలే లేకపోతే ఈపాటికి సగం కరెంటు స్తంభాలు నేలచూపులు చూస్తుండేవి, పోస్టాఫీసు పక్క వీధిలోకి జరిగేది, బ్యాంకు మేనేజరు గారి ఆవిడ రివర్సు గేరులో సరిహద్దు దాటి పరాయి దేశంలో తేలేది. ఆ పేరు అలా వచ్చింది. సొంత పేరు ఆయనకు కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

ఇక ఆ కారు ఇంజనుకు జరిగినన్ని పరీక్షలు విమానాలకు కూడా జరగవు. ప్రతి పాఠానికి ముందు మాస్టారు బానెట్ ఎత్తుతాడు. తల లోపలికి పెట్టి కాసేపు అలాగే ఉంటాడు. బ్యాటరీ వెనకాల బ్యాటరీ నీళ్ల సీసా ఒకటుంది. అందులో ఉన్నదాన్ని బ్యాటరీ ఏనాడూ రుచి చూడలేదు. తల బయటికి వచ్చేసరికి ఆయన నోట్లో లవంగం ఉంటుంది.

“ఇంజను బాగుంది,” అంటాడు.

నేర్చుకునేవాళ్లు వినయంగా తలూపుతారు. బండి నడపడమంటే ఇంత శ్రద్ధ ఉండాలి కాబోలు అనుకుంటారు. ఒకాయన ఆ శ్రద్ధ చూసి ముచ్చటపడి సొంత కారు కొనుక్కున్నాక రోజూ బానెట్ ఎత్తి లోపలికి చూసి మూసేసేవాడట, ఏం చూడాలో తెలియకపోయినా.

ఆ నెల నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో మిషనక్క ఒకావిడ. పావడాలు కట్టుకునే వయసు నుంచీ కుట్టు మిషను తొక్కుతున్న మనిషి. ఈ మధ్య దగ్గరి చూపు పోయింది. కళ్లజోళ్లు ఎన్ని మార్చినా సూది బెజ్జం కనపడదు. దూరం మాత్రం అద్భుతంగా కనపడుతుంది. వీధి చివర నడిచేవాడి చొక్కాకు ఎన్నో గుండీ ఊడిందో గుమ్మంలో నిలబడి చెప్పేస్తుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీకి వ్యాను నడిపే మనిషి కావాల్సి వచ్చింది. లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని నీదే అన్నారు. తెచ్చుకోలేకపోతే వెళ్లి అన్నయ్య ఇంట్లో ఓ మూల కూర్చోవాలి. అన్నయ్య రమ్మంటూనే ఉన్నాడు. ఆవిడకే అది గొంతు దిగడం లేదు. టెస్టు వచ్చే వారం.

ఆవిడకున్న చిక్కు ఒకటే. యాక్సిలరేటరును మిషను పెడలు అనుకుంటుంది. మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు. కారు ఎక్కిళ్లు పట్టినట్టు పోతుంది.

“అమ్మా, మనం దుప్పటి అంచు కుట్టడం లేదు,” అంటాడు మాస్టారు.

“అలవాటు మాస్టారూ. కాలు చెప్పిన మాట వినదు.”

“గట్టిగా చెప్పండి. ఇది గుడ్డ కాదు, రోడ్డు అని.”

“మీరున్నారు కదా పక్కన,” అని ఆవిడ కింద వేసుకున్న మెత్తను సర్దుకునేది. సీటు ఆవిడకు లోతు. ముక్కల గుడ్డతో ఓ మెత్త కుట్టుకుని తెచ్చుకుంది. దాని మీద కూర్చుంటే గానీ రోడ్డు కనపడదు.

ఆ రోజు మాస్టారు బానెట్ ఒకటికి రెండుసార్లు ఎత్తాడు. రెండోసారి ఎత్తినప్పుడు ఇంజను మరీ బాగుంది.

పంటి డాక్టరు గోడ పక్కన కారు పెట్టడం ఆ రోజు పాఠం. ఆ గోడకు ఆనుకుని ఒక చెక్క బెంచీ ఉంటుంది. పన్ను పీకించుకున్నవాళ్లు నోట్లో దూది పెట్టుకుని, లోకం మీద ఆశలన్నీ వదిలేసుకుని అక్కడ కూర్చుంటారు. ఆ వేళ ఓ ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిషనక్క కారును మెల్లగా గోడ వైపు తిప్పింది. బాగానే తిప్పింది. ఇక బ్రేకు తొక్కాలి. కాలు బ్రేకు మీద పడలేదు. మడమ, మునివేళ్లు.

మాస్టారు చూశాడు. కారు ఉరకడం చూశాడు, గోడ దగ్గరికి రావడం చూశాడు. తొక్కాలి అనుకున్నాడు. ఆ అనుకోవడం తల నుంచి బయల్దేరి, దారిలో తెలిసినవాళ్లందరినీ పలకరించుకుంటూ, నింపాదిగా మోకాలి దాకా వచ్చింది. పాదానికి చేరేసరికి బెంచీ విరిగిపోయింది.

బెంచీ మీద ఎవరూ లేరు. అంతకు ముందే లోపలి నర్సు పిలిస్తే ముసలాయన లేచి వెళ్లాడు. ఊతకర్ర మాత్రం బెంచీకి ఆనించి మరిచిపోయాడు. చప్పుడుకి బయటికి వచ్చి, రెండు ముక్కలైన కర్రను చూసి, మొద్దుబారిన నోటితో ఏదో చెప్పబోయి మానేశాడు. గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

డ్రైవింగ్ స్కూలు మాస్టారి బావమరిదిది. ఫోను వెళ్లగానే స్కూటరేసుకుని వచ్చేశాడు. సొట్ట పడ్డ బంపరును చూశాడు, బెంచీని చూశాడు, మిషనక్కను చూశాడు.

“నువ్వు బ్రేకు తొక్కావా బావా?”

మాస్టారు లవంగాన్ని ఓ దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నాడు.

“తొక్కాను. ఆవిడ యాక్సిలరేటరు మీద నిలబడిపోయింది. నేనొక్కణ్ణి ఎంతని ఆపను?”

మిషనక్క తలొంచి తన కుడిపాదం వైపు చూసుకుంది. పక్కింటివాళ్లు వచ్చి ఫిర్యాదు చేసి వెళ్లాక తల్లి పిల్లాడి వైపు చూస్తుందే, అలా చూసింది. ఆ చూపు మాస్టారికి బంపరు సొట్ట కంటే లోతుగా దిగింది. అయినా ఆయన నములుతూనే ఉన్నాడు. లవంగం ఘాటుగా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు ఫోనులో అంతా చెప్పేసినట్టున్నాడు. తల ఎత్తకుండానే అడిగింది.

“ఎవరికైనా తగిలిందా?”

“బెంచీకి.”

“బెంచీ మీద ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

ఆవిడ చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సర్ది, దొంతర మీద పెట్టింది.

“అంతకు ముందు?”

మాస్టారు స్నానానికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన చేసినంత స్నానం ఏనుగులు కూడా చెయ్యవు.

తాగుడు మానెయ్యడంలో మాస్టారికున్న అనుభవం లోకంలో ఇంకెవరికీ లేదు. ఒక్కసారి మానేసినవాళ్లకు ఏం తెలుస్తుంది? ఆయన పుట్టినరోజులకు మానేశాడు, వానలకు మానేశాడు, కూతురి నెత్తిమీద చెయ్యిపెట్టి మానేశాడు. కూతురికి ఊహ తెలిశాక, నాన్న చెయ్యి పైకి లేవగానే తల పక్కకు తిప్పుకోవడం నేర్చుకుంది. దేవుడి దగ్గరయితే ఒట్లు కుప్పలుగా పడి ఉన్నాయి. ఇన్నాళ్లలో ఆయన దేవుడికి మాట ఇవ్వడమే గానీ సాయం అడిగింది లేదు. మగాణ్ణి, నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు సాక్షిగా ఉండు చాలు అన్నట్టుండేది ఆయన వరస.

మర్నాడు పొద్దున స్కూలుకు వెళ్లగానే బానెట్ ఎత్తి, సీసా తీసి, మురిక్కాలవలో బోర్లించాడు. చివరి చుక్క దాకా నిలబడ్డాడు. కళ్లు చెమర్చాయి కూడా. సీసాను మూడు నీళ్లు పోసి కడిగి బ్యాటరీ వెనకాల పెట్టాడు. మధ్యాహ్నానికి అది నిండుగా ఉంది. ఎలా నిండిందా అని ఆయనే ఆశ్చర్యపోయాడు, సందు చివరి దుకాణం దాకా నడిచి వెళ్లి నింపుకొచ్చింది తనే అయినా.

బావమరిది ఆఫీసులో కూర్చుని టెస్టుకు పంపాల్సినవాళ్ల పేర్లు చూస్తున్నాడు.

“ఆ మిషనావిడ్ని పంపను బావా. రేపు టెస్టులో ఇనస్పెక్టరును గోడకు అతికిస్తే మన స్కూలు మూతబడుతుంది.”

“ఇంకో నాలుగు పాఠాలు చెబితే...”

“ఆవిడకు రాదు. నువ్వే అన్నావుగా, నిలబడిపోయిందని. ఆవిడా ఒప్పుకుంది. ఫోను చేసి చెప్పాను. ‘నిజమేనండీ, నా కాలు మంచిది కాదు’ అంది.”

మాస్టారు బయటికి వచ్చి కారులో కూర్చున్నాడు. పక్క సీట్లో ముక్కల మెత్త ఉండిపోయింది. ఎరుపు, పసుపు, చారలు, చుక్కలు. ఆ తర్వాత రెండు రోజులూ వేరేవాళ్లు వచ్చి దాన్ని వెనక సీట్లోకి విసిరి కూర్చుని నేర్చుకున్నారు. పాఠం అయ్యాక మాస్టారు దాన్ని మళ్లీ ముందుకు తెచ్చి పెట్టేవాడు. ఎందుకు తెస్తున్నాడో తెలియదు. ఆ రెండు రోజులూ ఆయన పాదం బ్రేకు మీదే ఆనించి ఉంచాడు. కారు నత్తలా పోయింది. వెనక సైకిలు మీద వచ్చే పాలవాడు వాళ్లను దాటి వెళ్లి, పాలన్నీ పోసేసి, తిరిగి వస్తూ ఎదురయ్యాడు.

మూడో నాడు మెత్తను చంకలో పెట్టుకుని మిషనక్క ఇంటికి వెళ్లాడు. ఇచ్చేసి వచ్చేద్దామనే వెళ్లాడు. గుమ్మంలోనే ఇచ్చెయ్యాలని దారిపొడుగునా అనుకున్నాడు.

తలుపు తీసే ఉంది. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. గది మధ్యలో కుర్చీ, కుర్చీ ముందు నేల మీద మూడు ఇటుకలు. మిషనక్క ఆ కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో పళ్లెం ఒకటి స్టీరింగులా పట్టుకుని, కళ్లు మూసుకుని, కాలు ఒక ఇటుక మీంచి ఇంకో ఇటుక మీదికి మారుస్తోంది.

“బ్రేకు. వదులు. బ్రేకు. ఒసే, బ్రేకు.”

పాదం పక్క ఇటుక అంచుకు తగిలి ఒరుసుకుపోయింది. దాని మీద తడిగుడ్డ చుట్టుకుని ఉంది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ కళ్లు తెరిచి, పళ్లెం ఎక్కడ దాచాలో తోచక ఒళ్లో పెట్టుకుంది.

“రండి మాస్టారూ. టెస్టుకు కాదులెండి. పంపనన్నారుగా. ఊరికే... ఈ కాలి సంగతేంటో తేల్చుకుందామని.”

“మెత్త మరిచిపోయారు.”

“అయ్యో, దాని కోసం ఇంత దూరం వచ్చారా? కూర్చోండి. వచ్చారు గనక ఓ చిన్న సాయం చేసి వెళ్లండి. ఈ వీధిలో నడిచేవాళ్లందరూ నాకు సూదిలో దారం ఎక్కించినవాళ్లే. మీరొక్కరే మిగిలారు.”

సూదీ దారం చేతిలో పెట్టింది. మాస్టారు కిటికీ వెలుగు వైపు తిరిగాడు. దారం కొసను నాలుకతో తడిపాడు. సూది పైకెత్తాడు. సూది ఇటు వెళితే దారం అటు వెళ్లింది. దారం ఇటు వస్తే సూది అటు పోయింది. రెండు చేతులూ ఒకదానికొకటి పరిచయం లేనట్టు వణికాయి. మోచెయ్యి కిటికీకి ఆనించాడు. కిటికీ రెక్క కూడా వణకడం మొదలుపెట్టింది. పొద్దున ఇంజను చూడలేదు. మెత్త ఇవ్వడానికి ఆ మాత్రం మనిషిగా వెళదామనుకున్నాడు. అందుకే చేతులు ఇంకా అధ్వాన్నంగా ఉన్నాయి.

మిషనక్క కాసేపు చూసి, “ఇలా ఇవ్వండి, నేనే చూస్తాను,” అని తీసుకుంది. ఆవిడ చేతులు రాయిలా నిలకడగా ఉన్నాయి. బెజ్జమే కనపడదు. దారాన్ని సూదికి ఇవతలా అవతలా పొడిచింది. ఇద్దరు పెద్దమనుషులు ఓ సూది ముందు ఓడిపోయి కూర్చున్నారు.

“ఆయన చేతులూ ఇలాగే ఉండేవి,” అంది ఆవిడ, ఎటో చూస్తూ. “మా అన్నయ్యవి.”

మాస్టారి చెవులు వేడెక్కాయి. జేబులో లవంగాల డబ్బీ తడుముకున్నాడు. తీయలేదు.

“ఆ రోజు నేను తొక్కలేదమ్మా.”

“ఏంటి?”

“బ్రేకు. నా వైపుది. తొక్కానని చెప్పాను. తొక్కలేదు. బెంచీ విరిగాక తొక్కాను. తాగి ఉన్నాను.”

ఆవిడ ఒళ్లో పళ్లేన్ని తీసి నేల మీద పెట్టింది. అది గుండ్రంగా తిరిగి తిరిగి, చాలాసేపు చప్పుడు చేసి ఆగింది.

“బానెట్లో ఉందా సరుకు?”

మాస్టారు తలూపాడు.

“అనుకున్నాను. అన్నిసార్లు ఎత్తేవారు, ఆయిలు చూసే పుల్ల ఒక్కసారీ బయటికి తియ్యలేదు. పోనీ, పెద్దవారు, మన పని పాఠం నేర్చుకోవడం అనుకున్నాను.” గొంతు మామూలుగానే ఉంది. చేతిలో దారం మాత్రం వేలికి చుట్టుకుంటోంది, వేలు కొస తెల్లబడేదాకా. “తప్పు తొక్కింది నేనే మాస్టారూ. అది అబద్ధం కాదు. కానీ తప్పు తొక్కడానికే కదా నేను మీ దగ్గరికి వచ్చింది. మూడు రోజుల్నుంచి ఈ కాలిని తిట్టని తిట్టు లేదు. పాపం, దానికి నోరు లేదు గాబట్టి సరిపోయింది.”

మాస్టారు నోరు తెరిచాడు. ఆ నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది. ఇవాళ్టి నుంచి మానేస్తానమ్మా, ఒట్టు. వందలసార్లు పలికి పలికి అరిగి నున్నగా అయిపోయిన మాట. చెయ్యి దానంతటదే పైకి కూడా లేచింది, ఎవరి నెత్తి మీదో పెట్టడానికి. పెట్టడానికి అక్కడ పిల్ల లేదు. చెయ్యి కాసేపు గాల్లో ఉండి, తొడ మీదికి దిగింది.

“మానేస్తాననే చెబుదామనుకున్నాను,” అన్నాడు. “బెంచీ విరిగిన మర్నాడు పారబోశాను. మధ్యాహ్నం మళ్లీ తెచ్చుకున్నాను. ఆ ముసలాయన కూర్చుని ఉన్నా... అప్పుడైనా తెచ్చుకునేవాణ్ణేనేమో. నా వల్ల కావడం లేదమ్మా.”

చెప్పాక పైకప్పు ఏమీ కూలలేదు. వీధిలో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. మాస్టారికి మాత్రం నడివీధిలో పంచె ఊడినంత సిగ్గేసింది. దాన్ని ఎత్తి కట్టుకునే ఓపిక కూడా లేనట్టు అలాగే కూర్చున్నాడు.

మిషనక్క ఓదార్చలేదు. లేచి మంచినీళ్లు తెచ్చి, గ్లాసు సగమే నింపి ఇచ్చింది. చేతులు వణికే మనిషికి ఎంత నింపాలో తెలిసినట్టు.

“మా అన్నయ్య వెళ్లే గది ఒకటుంది. సాయంత్రాలు తీస్తారు. గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుంటారు. అందరూ తాగినవాళ్లే. మొదట ఈ మాటే చెప్పాలట, ఇప్పుడు మీరన్న మాట.”

“ఎవరికి?”

“పైవాడికో పక్కవాడికో. ఎవరు దొరికితే వాళ్లకి. మానేస్తానని చెబితే అక్కడ నవ్వుతారట.”

“ఎక్కడుంది?”

“పంటి డాక్టరు దాటాక. మీరు నడిచి వెళితే మధ్యలో ఆ మందు దుకాణం సందు తగులుతుంది. కాబట్టి నడవరు.” చెప్పులు వేసుకుంది. మెత్త చంకలో పెట్టుకుంది. “పదండి. ముందు మీ బావమరిదికి చెప్పాలి. నా కాలి మీద పడ్డ నింద నా కాలి ఎదురుగానే తియ్యాలి.”

బావమరిది అంతా విని కుర్చీలోంచి లేచి తలుపు మూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఇవన్నీ బయటివాళ్ల ముందు చెప్పుకుంటారా బావా? ఇంట్లో మాట్లాడుకునేవాళ్లం. అమ్మా, మీరేమీ అనుకోకండి, మీకింకో పది పాఠాలు ఊరికే చెప్పిస్తాను. ఈ సంగతి ఇక్కడే...”

“నువ్వు తలుపు తెరువు,” అన్నాడు మాస్టారు. “నేను ఇక పాఠాలు చెప్పను. చెబితే నువ్వు చెప్పనివ్వకు. ఆవిడ పేరు టెస్టుకు రాయి.”

“రేపటికల్లా నువ్వే మారిపోతావు బావా. నాకు తెలియదా నీ సంగతి.”

“అదే చెబుతున్నాను. రేపు మాట మారుస్తాను. అందుకే ఇవాళే తాళాలు తీసుకో.”

కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. పెట్టాక బానెట్ ఎత్తి సీసా కూడా తెచ్చి వాటి పక్కన పెట్టాడు. ఈసారి ఆయన పారబోయలేదు. బావమరిది మూత తీసి వాసన చూసి, దాన్ని దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆ బ్యాటరీ ఎందుకు తరచూ చచ్చిపోతోందో అప్పుడే అర్థమైనట్టుంది. ఆ తర్వాత కలం తీసి మిషనక్క పేరు రాశాడు.

మాస్టారు ఇంటికి ఫోను చేశాడు. ఎక్కడికి వెళుతున్నాడో చెప్పాడు.

“ఈసారి ఒట్టు పెట్టలేదే,” అంది భార్య.

“పెట్టలేదు.”

“మంచిది. భోజనం మూతపెట్టి ఉంచుతాను,” అని ఫోను పెట్టేసింది.

కారులో బావమరిది రెండో బ్రేకు దగ్గర కూర్చున్నాడు. మిషనక్క మెత్త వేసుకుని స్టీరింగు పట్టుకుంది. మాస్టారికి వెనక సీటే మిగిలింది. ఆ కారులో ఇన్నేళ్లు తిరిగినా వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. అక్కడినుంచి చూస్తే రోడ్డు కంటే మనుషుల మెడలు ఎక్కువ కనపడతాయి.

కారు కదిలింది. మొదటి మలుపులో మాస్టారి కుడికాలు తన్నుకుని నేలను తొక్కింది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. రెండో మలుపులో మళ్లీ తొక్కింది. సైకిలు అడ్డం వచ్చినప్పుడు తొక్కింది. ఎవరిదో కుక్క రోడ్డు దాటుదామా వద్దా అని ఆలోచిస్తుంటే దాని తరఫున కూడా తొక్కింది. పట్టా చిరిగేట్టుంది. ఒళ్లంతా చెమట పట్టింది. జేబులో చెయ్యి పెట్టి లవంగాల డబ్బీ తీశాడు, చూశాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. ఉన్న వాసనతోనే వెళ్లాలి.

సందు వచ్చింది. సందు చివర దుకాణం బోర్డు ఆయన్ని పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా కనపడింది. ఆపమని చెబుదామనిపించింది. ఏదో పని ఉందనో, కడుపులో తిప్పుతోందనో. కాలు నేలను గట్టిగా తొక్కింది. కారు ఆగలేదు. ఆయన తొక్కితే ఆగే కారు కాదది. సందు వెనక్కి పోయింది. ఆయన మెడ తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

పంటి డాక్టరు గోడ. బెంచీకి కొత్త చెక్క కొట్టారు, పాతవాటి పక్కన తెల్లగా ఉంది. దాని మీద ఇద్దరు, దవడలు పట్టుకుని. వాళ్లలో ఒకావిడ లేచి, అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి అడుగేసింది. బావమరిది “అమ్మా అమ్మా” అంటూ డాష్‌బోర్డు పట్టుకున్నాడు. రెండో బ్రేకు సంగతే మరిచిపోయాడు. మిషనక్క పాదం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది. మడమ లేదు, మునివేళ్లు లేవు. ఒకటే నొక్కు. కారు మెల్లగా తలొంచి ఆగింది. రోడ్డు దాటే ఆవిడ దూది సర్దుకుంటూ వెళ్లిపోయింది.

“మీరే తొక్కారా?” అని బావమరిది మిషనక్కను అడిగాడు, నమ్మలేక.

“మరి మీరు తొక్కారా?” అంది ఆవిడ.

మాస్టారు కిందికి చూసుకున్నాడు. తన కాలు ఈసారి కదల్లేదు. ఎప్పుడు మానుకుందో ఆయనకు తెలియలేదు. పాదం పట్టా మీద పక్కకు ఒరిగి, నిద్రపోయే పిల్లాడిలా ఉంది.

ఆ గది ముందు కారు ఆపారు. తలుపు తెరిచే ఉంది. లోపల గుండ్రంగా కుర్చీలు, టీ గ్లాసులు, ఎవరిదో దగ్గు. ఒక కుర్చీ ఖాళీగా కనపడింది. మాస్టారు కారు తలుపు పిడి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు గుర్తొచ్చింది, పిల్లలు మధ్యలో తలుపు తీసుకుని పడిపోకుండా వెనక తలుపులు లోపలినుంచి రాకుండా చెయ్యాలని పట్టుబట్టి చేయించింది తనే.

చేతిని పిడి మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“అమ్మా,” అన్నాడు. “కాస్త మీరొచ్చి తీస్తారా?”

మిషనక్క దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి, తీసింది.